పాదాల నుంచి మొదలుపెట్టిన బొమ్మ

కదులుతున్న మనిషి చిత్రకారుని కోసం ఆగడు. ఆగినవాడు కదులుతున్న మనిషి కాడు. ఉన్నత పాఠశాలల్లో డ్రాయింగు మాస్టారుగా పనిచేసిన కాలమంతటిలో నేను నిస్సందేహంగా నేర్చుకున్నది ఇదొక్కటే. ఇప్పుడిప్పుడే ఈ వృత్తిలోకి వస్తున్న చిరంజీవులు కొందరు, నడిచేవారిని త్వరగా గీయడం ఎలాగో రాసిపెట్టమని అడుగుతుంటారు. సూత్రాలుగా రాస్తే అరపుటకు మించదు. ఆ అరపుట ఒకానొక రథసప్తమి నాడు పరీక్షకు నిలిచింది. ఆ సంగతి చెబితే సూత్రాలు వాటంతటవే తెలుస్తాయి.

మా తండ్రిగారు ఉభయభాషలూ చదువుకున్న పండితులు. నన్నూ ఆ మార్గాన నడిపించదలచి చిన్ననాడే కావ్యాలు పట్టించారు. నేను శ్లోకం వల్లెవేస్తూ పలక వెనుక గుఱ్ఱాలు గీసేవాణ్ణి. పెద్దయ్యాక డ్రాయింగు మాస్టారు ఉద్యోగంలో కుదురుకుంటే, అది విద్యకూ వినోదానికీ కుదిరిన రాజీ అని నేననుకున్నాను. ఆయన మాత్రం విద్య ఓడిపోయిందనే అనుకున్నారు. అయినా నా బొమ్మలు చూసేవారు. ఒకనాడు నేను మనుషుల్ని పాదాల నుంచి మొదలుపెట్టి పైకి గీసుకుపోవడం గమనించి, "దేవతలను వర్ణించేటప్పుడు పాదాల నుంచి కేశాల దాకా వెళ్ళాలి, మానవులను కేశాల నుంచి పాదాల దాకా దిగిరావాలి. అది కవుల మర్యాద. నీ బొమ్మల్లో అందరూ దేవతలేనా?" అన్నారు. నేలమీద పాదం ఎలా ఆనిందో తెలియకుండా పై మనిషిని నిలబెట్టలేనని మాత్రం నాకు తెలుసును.

మా కాపురం ఆమదాలవలసలో. పాఠశాలకు రైలులో వెళ్ళేవాణ్ణి. రైలు ఆలస్యమైన ప్రతి ఉదయమూ ప్లాట్‌ఫారమే నా పాఠశాల. చేతిలో చిన్న అట్ట, దానికి క్లిప్పుతో బిగించిన తెల్లకాగితాలు, మొద్దుబారిన మెత్తని పెన్సిలు. మొద్దు పెన్సిలే ఎందుకంటే, మొన తేలినదైతే చేయి కనురెప్పల మీదికి పరుగెత్తుతుంది. మొదట పట్టవలసింది పాదం, దాని మీది బరువు. బరువు మోస్తున్న కాలి వైపు తుంటి లేస్తుంది, ఆ వైపు భుజం దిగుతుంది. ఆ రెండు వాలులకూ నడుమ వెన్ను ఎలా వంగిందో ఒక్క గీతలో చెప్పగలిగితే మనిషి కాగితం మీద నడుస్తాడు. చెప్పలేకపోతే, తరువాత ఎన్ని సొగసులు దిద్దినా గోడకు చేరవేసిన నిచ్చెనలాగే ఉంటాడు. గీసేటప్పుడు కాగితం వైపు చూడరాదు. మనిషి దాటిపోయాక కన్నులు మూసుకుంటే ఏది మిగులుతుందో దానినే గీయాలి, మిగలనిది అక్కరలేనిది. బస్తాలు దింపేవారు, గంపలు ఎత్తేవారు ఉంటారు. వారు ఒకే పని మళ్ళీ మళ్ళీ చేస్తారు. ఒక్కొక్క భంగిమకు ఒక్కొక్క బొమ్మ మొదలుపెట్టి వదిలేసి, ఆ భంగిమ తిరిగి వచ్చినప్పుడల్లా కొంత కొంత పూరించుకోవాలి. ముఖం చిట్టచివర, సమయముంటేనే. సాధారణంగా ఉండదు.

ఆ సంగతి మీద బస్తాలు మోసే ఒకాయన నన్ను తరచు నిలదీసేవాడు.

"ఏటి మాస్టారూ, నాకు తలకాయెట్టనేదు?"

"నువ్వు ఆగలేదు కదయ్యా."

"ఆగితే మేస్త్రీ ఊరుకుంటాడేటి? తలకాయ నేనోడికి రేపు బస్తా ఎవుడెత్తుతాడు?"

ఉద్యోగ విరమణకు ఇంకా కొంతకాలం ఉందనగా, అరసవల్లిలో రథసప్తమి జనసమ్మర్దంలో సహాయానికి కొందరు ఉపాధ్యాయులను పంపారు. నాకూ, మా పాఠశాల వ్యాయామోపాధ్యాయునికీ తప్పిపోయినవారి డేరా దక్కింది. ఆయనది మైకు అక్కరలేని కంఠం. మైకు కూడా ఇచ్చారు. మాకు తోడుగా ఒక హెడ్‌ కానిస్టేబులు. ఉదయం నుంచి పిల్లలూ, చెప్పులూ, మొగుళ్ళూ తప్పిపోతూ దొరుకుతూ ఉన్నారు.

ఎండ చురుక్కుమంటున్న వేళ ఒక స్త్రీ డేరాలోకి వచ్చి గుంజ పట్టుకుని నిలబడింది. నలభై ఏళ్ళ మనిషి. సముద్రపు ఒడ్డు ఊరు, చేపల వ్యాపారం అని తరువాత తెలిసింది.

"బావూ, మాయమ్మ తప్పిపోనాది. మైకులో సెప్పండి."

వ్యాయామోపాధ్యాయుడు పేరడిగాడు.

"పేరెట్టి పిలిస్తే పలకదు బావూ. ఎవులినో పిలుస్తన్నారనుకుంటాది. మతి నిలవడం మానీసినాది. ఊరేదని అడిగితే సముద్రం అంటాది."

"సముద్రమ్మీద మన జిల్లాకెన్ని ఊళ్ళున్నాయో నీకు తెలుసా అమ్మా?" అని ఆయన తల పట్టుకున్నాడు.

హెడ్‌ కానిస్టేబులు ఫొటో అడిగాడు. ఆమె ఫోనులో తల్లి ఆధార్‌ కార్డు చూపింది. నల్లని ముద్దలో తెల్లని జుట్టు మాత్రం కనబడుతోంది.

"ఇందులో మనిసి మనిసిలాగుంటే కార్డియ్యరు కాబోలు," అని అతడు నా వైపు తిరిగాడు. "మాస్టారూ, తమరు బొమ్మలేస్తారట కదా. ఈవిడ సెప్తాది, తమరు మొహం ఏసీయండి. గ్రూపులో పెట్టీసి అన్ని క్యూలకీ పంపీస్తాను."

ఆమె అప్పటికీ కూర్చోలేదు. "మా అన్నయ్య వద్దన్నాడు బావూ. మతి నేని మనిసిని జనంలోకి తీసుకెల్లకన్నాడు. నానే, సూరినారాయణుడికి దండమెట్టిస్తే బాగవుతాదని తీసుకొచ్చినాను. పొద్దున్నించి దానికి నీల్లు కూడా పట్టనేదు. రోడ్డు మీదకెల్లిపోతే ఏ బస్సెక్కిస్తారో, ఏ ఊర్లో దించుతారో. ఇంటికి ఏ మొహమెట్టుకుని ఎల్తాను?"

నేను ముఖం గీయడానికి కూర్చున్నాను. ముఖం చివర అని తరాల పిల్లలకు చెప్పిన నోటితోనే, "నుదురు వెడల్పా? కళ్ళు లోతా?" అని అడిగాను. ఆమె చెప్పింది, నేను గీశాను, చెరిపాను, మళ్ళీ గీశాను. మొనదేలిన పెన్సిలు ఎవరి దగ్గరో పుచ్చుకున్నాను. ముడతలు తీర్చాను, తెల్లని కొప్పు వెంట్రుక వెంట్రుకగా దిద్దాను. గుంజ నీడ బల్ల ఈ అంచు నుంచి ఆ అంచుకు జరిగింది. పూర్తయ్యాక ఆమె చూసి, "మాయమ్మే, అచ్చు మాయమ్మే," అని కొంగు నోటికడ్డుపెట్టుకుంది. నాకు గర్వం కలగలేదంటే అబద్ధం.

బొమ్మ ఫోనులెక్కి వెళ్ళింది. వెంటనే జవాబులూ వచ్చాయి. ఉచిత దర్శనం వరుసలో ఒక అవ్వ, ప్రసాదాల దగ్గర ఒక అవ్వ, చెప్పుల స్టాండు దగ్గర ఇద్దరు. కూతురు ప్రతి చోటుకీ పరుగెత్తింది. ప్రతిసారీ ఒంటరిగా తిరిగి వచ్చింది. ముడతలు, తెల్లకొప్పు, ఎండకు చిట్లించిన కన్నులు: ఆ రోజు అరసవల్లిలో ఆ ముఖం ప్రతి వరుసలోనూ ఉంది. నా బొమ్మ బాగా కుదిరింది. ఎంత బాగా కుదిరిందంటే, జిల్లాలోని ముసలమ్మలందరికీ సరిపోయింది.

"ఎనకనించి సూస్తే మరీ కష్టం. అందరూ ఒక్కలాగే ఉంటారు," అన్నాడు హెడ్‌ కానిస్టేబులు.

కూతురు చర్రున అంది, "ఎనకనించయితే నాకు సీకట్లోనైనా తెలుస్తాది. మాయమ్మ నడక ఊర్లో ఎవులికీ నేదు."

ఆ మాటకు నేను పెన్సిలు బల్లమీద పెట్టాను. మొదటి నుంచి నా చేతిలో ఉండవలసింది నా మొద్దు పెన్సిలు.

"అమ్మా, మీ అమ్మ ఎలా నడుస్తుందో ఒకసారి నడిచి చూపు," అన్నాను.

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "మాయమ్మ పోనాదని నానేడుస్తుంటే నాటకాలాడమంటారేటి?"

"నాటకం కాదు తల్లీ. నేను దానినే గీస్తాను."

డేరా ముందు కాస్త ఖాళీ చేయించారు. ఆమె నడిచింది. జనం చూస్తున్నారన్న సిగ్గుతో నడిచిన ఆ నడక ఎవరిదీ కాదు; తల్లిదీ కాదు, ఆమెదీ కాదు. నేను గీయలేదు. చూపడానికి నడిచేవారిని ఎన్నడూ గీయకండి. వారు మరిచిపోయేదాకా వేచి ఉండండి. "మళ్ళీ," అన్నాను. "మళ్ళీ." అంతలో ఏదో క్యూ నుంచి ఒక ముసలమ్మ దొరికిందని కబురు వచ్చి, కాదని మరుక్షణమే మరో కబురు వచ్చింది. ఆమె సగం దూరం పరుగెత్తి ఆగి, వెనక్కు తిరిగి వస్తూ, విసిగిపోయి, "ఇదిగో, ఇలగ, ఇలగొస్తాది," అంటూ నడిచింది. అప్పుడు ఆ ఖాళీలో ఆమె లేదు. ఆమె తల్లి ఉంది.

ఇసుకను పట్టుకునే వేళ్ళు. చిన్న చిన్న, వేగమైన అడుగులు. మోకాళ్ళు పూర్తిగా చాచుకోవు. తుంటి ఊగుతుంది గాని మెడ కదలదు. పక్కకు చూడవలసి వస్తే మెడ కాక మొత్తం మనిషి తిరుగుతుంది. ఎడమచేయి తలపైకి లేచి, వేళ్ళు వంగి, గాలిలో దేనినో పట్టుకుని ఉన్నాయి.

"ఆ చేయి ఎందుకు?" అన్నాను, కాగితం వైపు చూడకుండానే గీస్తూ.

"గంప బావూ. బతుకంతా సేపల గంప మోసినాది. నానయితే ఆటోలో ఏసుకుని ఎల్తాను. దాని గంప ఏనాడో మానిపించీసినాం. సెయ్యి మాత్రం దిగదు. అన్నం తినీటప్పుడు తప్ప అలగే ఉంటాది."

పాదాల నుంచి పైకి వెళ్ళాను. రెండు వాలుగీతలు, నిటారుగా ఒక వెన్ను, పైకెత్తిన చేయి. తల చోట గుండ్రని ఖాళీ మిగిలింది. దానిలో ఏమీ గీయలేదు.

వ్యాయామోపాధ్యాయుడు దానిని అటూ ఇటూ తిప్పి చూశాడు. "బాగుంది మాస్టారూ. మొహం లేని మనిషిని మైకులో ఏమని చదవను?" అని ఒక క్షణం ఆలోచించి, కాగితం పట్టుకుని ఆటో స్టాండు వైపు వెళ్ళాడు. ఆయన వృత్తి శరీరంతో చేసేది. అక్కడ డ్రైవర్ల ముందు బొమ్మ చూపి, ఆ నడకను తాను నడిచి కూడా చూపాడట. వారు ఈల వేశారట. ఒక్క డ్రైవరు మాత్రం ఈల వేయక ఆయన వెంట మా డేరాకు వచ్చాడు.

"ఈ నడక నాను సూసినాను మాస్టారూ. సెయ్యి ఇలగే ఎత్తుకోనుంది. ఎండకి అడ్డమెట్టుకుందనుకున్నాను. కానీ మీరు ఎతుకుతున్న మనిసి కాదేమో. ఆవిడ గుండు."

"గుండేటి?" అంది కూతురు. "మాయమ్మకి ఇంత కొప్పుంది."

"గుండే అమ్మా. గంధం కూడా పూసున్నాది. ఒక కుటుంబం, పిల్లా పెద్దా అందరూ గుండ్లే. ఆల్లతో నా ఆటో ఎక్కినాది. ఆల్ల మనిసనుకున్నాను. ఆమదాలవలస స్టేసను కాడ అందర్నీ దించీసొస్తన్నాను."

హెడ్‌ కానిస్టేబులు కొప్పున్న బొమ్మను వేలితో తట్టాడు. "అయితే వేరే మనిసి. ఇక్కడే ఎతుకుదాం."

కూతురూ అదే మాట అంది. "నాను ఇక్కణ్ణించి కదిల్తే, మాయమ్మ ఇటే వొస్తే? ఎవులున్నారు దానికి?"

నేను రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. ఒకటి వెంట్రుకతో సహా పూర్తయింది. రెండవది గీతలు నాలుగు. కాని ముఖాన్ని నేను విని గీశాను, నడకను చూసి గీశాను. నేను ఒప్పుకోగలిగింది రెండవ దానినే.

"మా వ్యాయామ మాస్టారు ఇక్కడే ఉంటారు. మీ అమ్మ ఇటు వస్తే ఆయన గొంతు నీకు ఆమదాలవలసలో వినిపిస్తుంది. నువ్వు నాతో రా," అన్నాను. నాకు అంత ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు. తప్పయితే ఆ తల్లి ఎండలో ఎక్కడో కూలిపోతుంది. అందుకు కారణం నా నాలుగు గీతలవుతాయి.

ఆటో ఎక్కాం. ఊరు దాటాక ఆమె రోడ్డు వైపే చూస్తూ అంది. "మొక్కున్నాది బావూ. ఒకసారి మా అయ్య సముద్రమ్మీద ఏటకెల్లి తిరిగి రానేదు. గాలివాన. అప్పుడు మాయమ్మ, మనిసి పేనాలతో వొస్తే అరసవల్లిలో తలనీలాలిస్తానని మొక్కుకున్నాది. మా అయ్యొచ్చీసినాడు. ఇది మాత్రం ఇయ్యనేదు. గుండయితే గంప కింద ఎట్టుకునే సుట్టకుదురు జారిపోతాది, గంప నిలవదు, గంప నిలవకపోతే ఇల్లు నిలవదు, వొచ్చే ఏడు, వొచ్చే ఏడనీది. మా అయ్య ముసిలోడయి మంచమ్మీదే పోనాడు. ఇంక ఆ మాటే ఎవులం అనుకోనేదు." తరువాత, "దానికి నా పేరు గుర్తు నేదు బావూ," అంది.

స్టేషను నిండా గుండ్లే. దర్శనం చేసుకుని తిరిగి వెళ్ళేవారంతా ప్యాసింజరు కోసం నిలబడి ఉన్నారు. నున్నని తలలు, పసుపుపచ్చని గంధం, వెనుక నుంచి చూస్తే ఆడా మగా తెలియడం లేదు. దూరాన ఇంజను కూత వినబడింది. కూతురు జనంలోకి దూరి ఒక్కొక్క ముఖంలోకీ తొంగిచూస్తూ, కొందరి భుజాలు పట్టి తిప్పుతూ పోతోంది. తిట్లు కూడా తింటోంది.

నేను పరుగెత్తలేదు. ప్రతి ఉదయమూ నిలబడే చోటనే, ఆ సిమెంటు స్తంభం పక్కనే నిలబడ్డాను. తలల వైపు చూడడం మాని నేలకు దగ్గరగా చూపు నిలిపాను. రైలు వస్తున్నప్పుడు జనం పాదాలన్నీ ఒకే పని చేస్తాయి: ముందుకు రెండడుగులు, వెనక్కు ఒకటి. వాటి నడుమ ఒక జత పాదాలు, ఇసుక లేని ప్లాట్‌ఫారం మీద ఇసుకను పట్టుకుంటూ, చివరి పెట్టె ఆగే చోటుకు తిన్నగా, చిన్న చిన్న అడుగులతో పోతున్నాయి. చేపల గంపలవారు ఎప్పుడూ ఆ పెట్టెలోనే ఎక్కుతారు. చూపు పైకెత్తాను. ఊగే తుంటి, కదలని మెడ, తలపైన గాలిని పట్టుకున్న ఎడమచేయి.

ఆ మనిషిని నేను అంతకు ముందెన్నడూ చూడలేదు. పాత స్నేహితురాలిని చూసినట్టనిపించింది.

"అమ్మాయీ, అదిగో," అని పిలిచాను. కూతురు ఆ గుండును చూసి, "కాదు బావూ," అని ముఖం తిప్పుకోబోయి, చేతిని చూసింది.

"ఓలమ్మ," అంది, మెల్లగా. తరువాత పరుగెత్తింది.

దగ్గరకు వెళ్ళేసరికి తల్లి ఆమెనే కేకలేస్తోంది. "అడ్డు లెగే. బండొచ్చీసినాది. సేపలు పాడైపోతాయి."

"సేపల్నేవే అమ్మా. ఏటే ఈ గుండు? ఎవులు సేయించినారే?"

ముసలామె మెడ కదపకుండా మొత్తం తిరిగి కూతుర్ని చూసింది. "ఎవులు సేయిస్తారు? నాదే మొక్కు," అంది, ఊరూ పేరూ గుర్తులేని మనిషి.

ఎవరో నీళ్ళ సీసా ఇచ్చారు. ఆమె బల్లమీద కూర్చుని, ఎడమచేయి అలాగే పైకి ఉంచుకుని, కుడిచేత్తో తాగింది. రైలు వచ్చింది, గుండ్లన్నిటినీ ఎక్కించుకుని వెళ్ళింది. కూతురు తల్లి నున్నని తలను కొంగుతో తుడుస్తూ ఏడుస్తూ నవ్వుతూ ఉంది. నాకు చేయవలసింది ఏమీ లేక నా బొమ్మలు తీశాను. కొప్పున్న ముఖాన్ని మొదట చూపాను.

ఆమె పరిశీలనగా చూసింది. "ఎవులే ఈ ముసిల్ది? పాపం, మంచిదిలాగుంది," అంది కూతురితో.

తరువాత నాలుగు గీతల బొమ్మ చూపాను. ఆమె దానిని నా చేతిలోంచి లాక్కుంది.

"ఇది నాను."

"ముఖం లేదు కదా తల్లీ, నువ్వేనని ఎలా తెలిసింది?" అన్నాను.

నా ప్రశ్న ఆమెకు ప్రశ్నలాగే తోచలేదు. కాగితం మీద, పైకెత్తిన చేతికి పైనున్న ఖాళీ చోటు మీద వేలు పెట్టింది.

"గంపేది బావూ? గంప ఎయ్యనేదేటి?"

మొద్దు పెన్సిలు తీసి, ఆమె ఒడిలో కాగితం ఉండగానే వంగి గీశాను. ఆమె పక్కనుంచి దిద్దుతూనే ఉంది: అంత చిన్నది కాదు, ఇంకా లోతు, కింద సుట్టకుదురేదీ, అదిలేందే ఎలా నిలుస్తాది. కుదురు గీశాను. వెదురు అల్లిక రెండు గీతల్లో చూపాను. చేతివేళ్ళు ఇప్పుడు గంప అంచును పట్టుకున్నాయి. ఆమె కాగితాన్ని దూరంగా పట్టి చూసి, సరేనన్నట్టు తలూపింది. ఆ మెడ కదలడం నేను అప్పుడే చూశాను. గంప బొమ్మలో ఉంది. ఆమె ఎడమచేయి మెల్లగా, ఎవరూ చెప్పకుండా, ఒడిలోకి దిగింది.

కూతురు నా వైపు చూసింది.

అట్టమీద ఇంకా కాగితాలున్నాయి, పెన్సిలు వేళ్ళ మధ్యనే ఉంది. ఆ దిగిన చేతిని గీయాలని ఒక క్షణం అనిపించింది. కాని అది కదలడం లేదు. కదలనిదానిని గీయడం నాకు ఎన్నడూ చేతకాలేదు.